మోసపోయిన సొమ్ము తిరిగి అడగడం ధమ్మమేనా?

ఈసారి ధ్యానం గురించో నిర్వాణం గురించో కాకుండా పాత ల్యాప్‌టాప్ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. పంచశీల మనం విహారంలో కూర్చుని తీసుకుంటాం గానీ, అది నిలుస్తుందో లేదో తేలేది డబ్బు చేతులు మారే చోటే. ఈ రోజుల్లో ఆ చోటు మన చేతిలోని ఫోనులోకే వచ్చేసింది.

మన ఇళ్లలో ఏది కావాలన్నా కొత్తది కొనే స్థోమత అందరికీ లేదు. పిల్లకి కాలేజీలో ల్యాప్‌టాప్ అడిగారంటే, ఇంట్లోకి ఫ్రిజ్ కావాలంటే, పనికి పోవడానికి బండి కావాలంటే సెకండ్ హ్యాండ్‌లోనే వెతుకుతాం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. భగవాన్ బుద్ధుని కాలంలో భిక్ఖువులు జనం పారేసిన గుడ్డ ముక్కలు ఏరుకుని, ఉతికి, కుట్టుకుని చీవరంగా కట్టుకున్నారు. పంసుకూల చీవరం అంటే అదే. పాతది వాడటం తప్పు కాదు. పాతదాన్ని మంచిదని అబద్ధం చెప్పి అంటగట్టడం తప్పు.

మన విహారానికి వచ్చే ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు వద్దు. తండ్రి ఇళ్లకు రంగులు వేసే పని చేస్తాడు. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి 16,000 రూపాయలకు వాడిన ల్యాప్‌టాప్ ఒకటి తెప్పించుకున్నారు. ‘ఏ రిపేరూ లేదు, కండిషన్ బాగుంది’ అని ప్రకటనలో రాసి ఉంది. రెండు రోజులు పనిచేసింది. మూడో రోజు ఆన్ కాలేదు. బజారులో మెకానిక్ దగ్గరకు తీసుకుపోతే, విప్పి చూసి, లోపల ఎప్పుడో నీళ్లు పోయాయని, మదర్‌బోర్డును ముందే ఒకసారి అతికించారని చెప్పాడు. అమ్మినవాడికి ఫోను చేస్తే మొదట ‘చూస్తాను’ అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు, ఆ తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

ఆ ఇంట్లో అప్పుడు మూడు రకాల మాటలు వినపడ్డాయి. నాయనమ్మ, ‘మన ఖర్మ, వదిలెయ్యండ్రా’ అంది. చుట్టమైన ఒక పెద్దాయన, విహారానికి వచ్చేవాడే, ‘మనం బౌద్ధులం కదా, డబ్బు మీద ఆశ ఉండకూడదు, తృష్ణే దుఃఖానికి మూలం’ అన్నాడు. కొడుకు మాత్రం, ‘అడ్రసు కనుక్కుని నలుగురం పోయి వాడి సంగతి తేలుస్తాం’ అన్నాడు. ఈ మూడు మాటలూ మన ఇళ్లన్నింటిలో వినపడేవే కాబట్టి ఒక్కొక్కదాని దగ్గర కాసేపు ఆగుదాం.

ముందు నాయనమ్మ మాట. ఖర్మ అనే ఆ మాటని మన తాతలకి ఎవరు నేర్పారో మనకు తెలుసు. కూలి ఎగ్గొట్టినా ఖర్మే, భూమి లాక్కున్నా ఖర్మే, బడిలో వెనక కూర్చోబెట్టినా ఖర్మే. ఎదుటివాడు చేసిన పనికి మన పూర్వజన్మని బాధ్యురాలిని చేసే లెక్క ఇది. ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’ గ్రంథంలో బాబాసాహెబ్ ఈ లెక్కనే ఎండగట్టారు. బుద్ధుడు చెప్పిన కమ్మకూ, పోయిన జన్మ పాపం ఈ జన్మలో అనుభవించాలనే వాదానికీ సంబంధం లేదన్నారు. పేదవాడి స్థితికి సమాజం జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికే ఆ వాదం పనికొస్తుందని తేల్చారు. పాళీ గ్రంథాల్లోనూ మోలియ సీవకుడు అనే పరివ్రాజకుడు ఇదే ప్రశ్న వేశాడు: మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ వెనకటి కర్మ ఫలమేనా అని. కాదన్నాడు భగవానుడు. పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, ఇతరులు చేసే దాడి వల్ల కూడా బాధ కలుగుతుంది, ఇది ఎవరికి వారే చూసి తెలుసుకోగలిగిన సంగతి అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ పాడైంది ఆ అమ్మాయి పూర్వజన్మ వల్ల కాదు. లోపల నీళ్లు పోవడం వల్ల. ఆ సంగతి తెలిసీ ఒక మనిషి దాచడం వల్ల. కారణం కనపడుతున్నప్పుడు ఖర్మని పిలవాల్సిన పనేముంది?

ఇక పెద్దాయన మాట. ఇది మొదటిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే ధమ్మం బట్టలు కట్టుకుని వచ్చింది. తృష్ణ వేరు, కష్టార్జితాన్ని కాపాడుకోవడం వేరు. కోలియుల పట్టణంలో దీఘజాణు అనే గృహస్థుడు భగవానుని దగ్గరకు వచ్చి, ‘మేము పెళ్లాం పిల్లలతో బతికేవాళ్లం, నగలు పెట్టుకునేవాళ్లం, మాలాంటివాళ్లకి పనికొచ్చేది చెప్పండి’ అని అడిగాడు. అన్నీ వదిలేసి అడవికి పొమ్మనలేదు భగవానుడు. నాలుగు సంగతులు చెప్పాడు. పనిలో నేర్పు, కష్టం ఉండాలి, అది ఉట్ఠాన సంపద. చెమటోడ్చి ధర్మంగా సంపాదించినదాన్ని దొంగల బారిన, రాజుల బారిన, నిప్పు నీరు బారిన పడకుండా కాపాడుకోవాలి, అది ఆరక్ఖ సంపద. మంచి స్నేహితులు ఉండాలి. రాబడి చూసుకుని ఖర్చు పెట్టాలి. ఇందులో రెండోది చూడండి. సొమ్ము కాపాడుకోవడం గృహస్థుడికి మినహాయింపుగా ఇచ్చింది కాదు, చేయవలసిన పనిగా చెప్పింది. నిచ్చెన మీద నిలబడి, ముక్కులోకి పెయింటు వాసన పీల్చి సంపాదించిన 16,000 రూపాయలని అబద్ధం చెప్పినవాడికి వదిలిపెట్టడం త్యాగం అనిపించుకోదు. దానం అంటే మనం తెలిసి, ఇష్టపడి ఇచ్చేది. లాక్కున్నదానికి దానం అని పేరు పెట్టుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు.

కొడుకు కోపం నాకు అర్థమవుతుంది. కానీ నలుగురు కలిసి ఇంటి మీదకు పోతే జరిగేది ఏమిటి? మోసం చేసినవాడు ఫిర్యాదుదారు అవుతాడు, మోసపోయినవాడు ముద్దాయి అవుతాడు. పోలీస్ స్టేషన్‌లో మనవాళ్ల మాటకి ఎంత విలువ దొరుకుతుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. బాబాసాహెబ్ దారి చూడండి. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. అదే డిసెంబరులో మళ్లీ సత్యాగ్రహానికి వేలమంది వచ్చేసరికి, సవర్ణులు కోర్టుకెళ్లి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. వచ్చినవాళ్ల రక్తం ఉడికిపోతోంది. బాబాసాహెబ్ వాళ్లని ఒప్పించి చెరువు దగ్గరకు పోవడం ఆపారు, దావాని దావాతోనే ఎదుర్కొన్నారు. దాదాపు పదేళ్లు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు ఇచ్చింది. ఎందుకు గెలిచామో గమనించండి: అనాదిగా ఆచారం ఉందన్న అవతలివాళ్లు దానికి రుజువు చూపించలేకపోయారు. చెరువు నీళ్లంతటి విషయాన్నే ఆయన కాగితంతో, ఓపికతో తేల్చారు. ల్యాప్‌టాప్ ఎంత?

సరే, ఓపిక, కాగితం అన్నాం. ఏ కాగితం, ఎవరికి?

ఇక్కడ ఒక తేడా బాగా పట్టుకోవాలి, ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. అమ్మినవాడు వ్యాపారం చేసేవాడా, లేక ఇంట్లో ఉన్న వస్తువు ఒకదాన్ని తీసేసుకున్న మామూలు మనిషా? వ్యాపారస్తుడైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. వస్తువు పాతదైనా సరే, ఆన్‌లైన్‌లో కొన్నా సరే. ఆ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నియమాలు కూడా వచ్చాయి. వస్తువులో లోపం ఉంటే, ప్రకటనలో చెప్పిన గుణాలు దానిలో లేకపోతే, ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే విక్రేత దాన్ని వెనక్కి తీసుకోననడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వననడానికి గానీ వీల్లేదని ఆ నియమాలు చెబుతున్నాయి. వేదిక నడిపే కంపెనీ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ‘పాత సామాను, గ్యారంటీ లేదు’ అని ఒక ముక్క రాసేసి, తెలిసిన లోపాన్ని దాచిపెట్టి తప్పించుకోవచ్చని చాలామంది అమ్మకందారులు అనుకుంటారు. గ్యారంటీ లేదనడం వేరు, రిపేరు చేసినదాన్ని రిపేరే లేదనడం వేరు.

ఒక మామూలు మనిషి తన సొంత వస్తువు అమ్ముకుంటే మాత్రం పై ఈ-కామర్స్ నియమాలు అతనికి వర్తించవు. అంతమాత్రాన అబద్ధం చెప్పే హక్కు అతనికి లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసంతో ఒప్పించిన ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మామూలుగా చూసుకుంటే కనపడే లోపాన్ని చూసుకోకుండా కొంటే చట్టం పెద్దగా ఆదుకోదు. స్క్రీన్ మీద గీతని కొనేటప్పుడే చూసి, నెల తర్వాత అడిగితే ఎవరూ వినరు.

మన కుటుంబం విషయంలో ఆ అమ్మాయే తెలివిగా ఒక పని చేసింది. అమ్మినవాడి ప్రొఫైల్ తెరిచి చూసింది. ‘నా సొంత ల్యాప్‌టాప్, ఊరు మారుతున్నాను’ అన్నవాడి పేరు మీద ఇరవైకి పైగా ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి ఉన్నాయి. అన్నింటికీ అదే టేబుల్, అదే గోడ. ఊరు మారేవాడికి ఇన్ని ల్యాప్‌టాప్‌లు ఎక్కడివి? ఆ పేజీలన్నీ ఫోటో తీసి పెట్టుకుంది. ప్రకటన తీసేయక ముందే తీసింది, అది ముఖ్యం. మెకానిక్‌ని బతిమాలి, చూసిన లోపమేమిటో తేదీ వేసి రాయించుకుంది. ఆయన మొదట ‘నాకెందుకమ్మా ఈ గొడవ’ అన్నాడట. ‘అన్నా, మీరు చూసింది చూసినట్టు రాయండి చాలు, ఎవర్నీ తిట్టక్కర్లేదు’ అంటే రాసిచ్చాడు.

తర్వాత అమ్మినవాడికీ, వేదిక వాళ్లకీ ఒకే మాట రాసింది. ఇది మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను: ‘సార్, ఫలానా తేదీన మీ ప్రకటన చూసి యూపీఐ ద్వారా 16,000 రూపాయలు పంపి ఈ ల్యాప్‌టాప్ కొన్నాను. ఏ రిపేరూ లేదని మీరు రాశారు. మూడో రోజున ఆగిపోయింది. ముందే నీళ్లు పోయి, మదర్‌బోర్డు రిపేరు జరిగిందని మెకానిక్ రాసిచ్చారు. ఆ కాగితం, ప్రకటన ఫోటో, డబ్బు చెల్లించిన రసీదు జత చేస్తున్నాను. వస్తువు వెనక్కి తీసుకుని పదిహేను రోజుల్లోగా నా డబ్బు తిరిగి పంపండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.’

చూశారా, ఇందులో తిట్టు లేదు, శాపం లేదు, ‘మేము పేదవాళ్లం దయచూడండి’ అన్న వేడుకోలు కూడా లేదు. బాగా పలికిన మాటకి భగవానుడు ఐదు గుర్తులు చెప్పాడు: సమయానికి చెప్పడం, నిజం చెప్పడం, మృదువుగా చెప్పడం, ప్రయోజనం ఉండేలా చెప్పడం, మైత్రీచిత్తంతో చెప్పడం. ఈ ఉత్తరంలో ఆ ఐదూ ఉన్నాయంటాను. మైత్రి ఎక్కడుందని అడుగుతారేమో. అవతలివాడికి తప్పు దిద్దుకోవడానికి పదిహేను రోజుల గడువిచ్చింది కదా, అందులో ఉంది.

అమ్మినవాడు వేరే నంబరు నుంచి ఫోను చేసి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. అమ్మాయి తిరిగి ఒక్క మాట అనలేదు. అక్కోస భారద్వాజుడు వచ్చి తిట్టిపోసినప్పుడు భగవానుడు ఏమన్నాడో గుర్తుందా? ఇంటికి వచ్చిన చుట్టాలు వడ్డించినది తినకపోతే అది ఎవరిది అని అడిగాడు. ఇంటివాళ్లదే అన్నాడు బ్రాహ్మణుడు. నీ తిట్లూ అంతే, నేను తీసుకోవడం లేదు అన్నాడు. తీసుకోకపోవడం మంచిదే గానీ, ఆ మెసేజీలు చెరిపేయకండి, దాచండి. కులం పేరు ఎత్తితే అది వేరే సంగతి, దాన్ని న్యాయవాదికి చూపించాలి.

వేదిక వాళ్లు తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. అదీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న తర్వాత రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. తీర్పు వెంటనే వస్తుందని మాత్రం ఆశపడకండి. అమ్మినవాడు వ్యాపారి కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పిలిపించమని అడగండి. అక్కడ ఇద్దరూ రాజీపడి రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ, మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కి ఫోను చేయవచ్చు. ‘బౌద్ధం తీసుకున్నాం కదా, ఎస్సీ కింద మనకి రాదేమో’ అని వెనకాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బౌద్ధులైన ఎస్సీలకు ఆ హోదా ఉంటుందని 1990లోనే సవరణ జరిగింది. హక్కుగా అడగండి.

డబ్బు తీసుకుని అసలు వస్తువే పంపకపోతే అది రిఫండ్ వ్యవహారం కాదు, దొంగతనం. వెంటనే 1930కి ఫోను చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ‘రిఫండ్ పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నవాడిని అసలే నమ్మకండి. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకసారి మోసపోయినవాళ్లనే వెతికి రెండోసారి మోసం చేసేది ఇలాగే.

ఆ ల్యాప్‌టాప్ సంగతి. 1915లో ఫిర్యాదు పెట్టిన కొన్ని వారాలకి అమ్మినవాడు దిగివచ్చి, ‘పదివేలు ఇస్తాను, ఫిర్యాదు తీసెయ్యి’ అన్నాడు. తండ్రి ఒప్పుకుందామన్నాడు. పని పోగొట్టుకుని తిరగలేనన్నాడు, అది నిజమే. అమ్మాయి మాత్రం ‘నాన్నా, ఇంకో వారం’ అంది. మొత్తం పదహారు వేలూ వచ్చాయి. ల్యాప్‌టాప్ తిప్పి పంపడానికైన పార్సిల్ ఖర్చు రాలేదు, దాన్ని వదిలేశారు. ఈలోగా ప్రాక్టికల్స్ స్నేహితురాలి మెషీన్ మీద పూర్తి చేసింది.

ఇంకొక మాట, కొంచెం చేదు మాట. డబ్బు అడిగేవాడికి కూడా శీలం ఉంది. మంచి బ్యాటరీ తీసి పాత బ్యాటరీ పెట్టి తిప్పి పంపేవాళ్లు, చేయి జారి కింద పడేసి ‘వచ్చినప్పుడే ఇలా ఉంది’ అనేవాళ్లు, పెళ్లికి కట్టుకుని చీర వాపసు చేసేవాళ్లు మనలో లేరని నేను అనను. ‘పెద్ద కంపెనీయే కదా’ అని సర్దిచెప్పుకుంటారు. అదిన్నాదానం అంటే ఇవ్వనిది తీసుకోవడం. అవతలివాడు ధనవంతుడా కాదా అన్నది ఆ శీలంలో ఎక్కడా లేదు. అలాగే మరీ చవకగా, బిల్లు లేకుండా, డబ్బా లేకుండా ఫోను వస్తోందంటే అది ఎక్కడిదో అడగాలి. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోను సంగతి తెలుస్తుంది. కాలాములకు భగవానుడు చెప్పినది ఫోను ప్రకటనకీ వర్తిస్తుంది. ఎవరో చెప్పారని, ఎక్కడో రాసి ఉందని నమ్మవద్దు, మీరే పరీక్షించి చూడండి అన్నాడు. అందుకే వీలైతే చేతిలో పట్టుకుని చూశాకే డబ్బు పంపండి. పార్సిల్‌లో వస్తే విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి.

జాతక కథల్లో సేరివాణిజ జాతకం అని ఒకటుంది. అందులో జరిగేది కూడా పాత సామాను బేరమే. ఇద్దరు వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం అనే పట్టణానికి వస్తారు. ఆ అంధపురం మన ఆంధ్ర దేశానిదే అని కొందరు చరిత్రకారులు అన్నారు. అక్కడ చితికిపోయిన ఒక ఇంట్లో ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు ఉన్నారు. మసి పట్టిన పాత గిన్నె ఒకటి ఇచ్చి, పిల్లకి ఏదైనా నగ ఇమ్మని అడిగారు. మొదటి వర్తకుడు సూదితో గీకి చూసి అది బంగారమని తెలుసుకున్నాడు. తెలుసుకుని, ఇది దేనికీ పనికిరాదని నేల మీద పడేసి పోయాడు. తర్వాత వచ్చి ఇంకా చవకగా కొట్టేద్దామని. రెండోవాడు వచ్చాడు, చూశాడు, ‘అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, అంత సొమ్ము నా దగ్గర లేదు’ అన్నాడు. తన దగ్గరున్న డబ్బూ సరుకూ అంతా ఇచ్చేసి, పడవవాడికి ఇవ్వడానికి ఎనిమిది నాణేలు, తక్కెడ, సంచీ మాత్రం ఉంచుకున్నాడు. ఆ రెండోవాడే బోధిసత్త్వుడు.

ఈ కథలో నాకు నచ్చేది గిన్నె బంగారం కావడం కాదు. ఆ ముసలమ్మకి తెలియని సంగతి ఆ వర్తకుడికి తెలుసు, ఆ తెలిసినదాన్ని ఆమె ముందు పెట్టాడు. ఆ ల్యాప్‌టాప్ అమ్మినవాడికీ ఒక సంగతి తెలుసు, కొన్నవాళ్లకి తెలియదు. అతను దాచాడు. భగవానుడు దొంగ తూకం, దొంగ లోహం, దొంగ కొలత వద్దన్నప్పుడు చెప్పింది ఇదే.

వచ్చే పండక్కి మీ ఇంట్లో పాత ఫ్రిజ్ తీసేసి అమ్ముదామనుకుంటున్నారా? ప్రకటనలో ఇలా రాయండి: ‘ఎనిమిదేళ్లు వాడాం. చల్లదనం బాగుంది. పై డీప్ ఫ్రీజర్ తలుపు సరిగా పడదు, రబ్బరు మార్చాలి. రెండేళ్ల క్రితం ఒకసారి గ్యాస్ నింపించాం.’ నాలుగు వందలు తక్కువ పలుకుతుంది. కొన్నావిడ దారిలో కనపడితే తల తిప్పుకోకుండా ‘ఫ్రిజ్ ఎలా ఉందమ్మా’ అని అడగవచ్చు.

నమో బుద్ధాయ. జై భీమ్.